పొడవు తెలియని సీరియల్ సందేశాలు: డీఎంఏతో అందుకోవడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

డీఎంఏతో (సీపీయూని కదిలించకుండా మెమరీకీ పోర్టుకీ మధ్య డేటా మోసే హార్డ్‌వేర్) సీరియల్ డేటా పంపడం సుఖం. ఎన్ని బైట్లో మనకి ముందే తెలుసు, అడ్రసూ లెక్కా ఇచ్చి వదిలేస్తే అదే చూసుకుంటుంది. అందుకోవడం దగ్గరే చిక్కు. అవతలి పరికరం 7 బైట్లు పంపుతుందో 70 పంపుతుందో మనకి తెలియదు, డీఎంఏ మాత్రం 'ఎన్ని?' అని ముందే అడుగుతుంది. సరే, 64 అని చెప్పి కూర్చున్నాం అనుకోండి. 23 బైట్ల సందేశం వచ్చి బఫర్‌లో (మెమరీలో దానికని కేటాయించిన చోట్లో) పడుతుంది, ఇంటరప్ట్ (సీపీయూని పిలిచే సంకేతం) మాత్రం రాదు. రెండోదీ వస్తుంది, అప్పుడూ రాదు. మూడో సందేశంలో 18 బైట్లు పడ్డాక 64 నిండి అప్పుడు కబురొస్తుంది. అప్పటికి మొదటిది పాతబడిపోయింది, మూడోది సగంలో తెగింది.

దీనికి మందులు అరడజను దాకా ఉన్నాయి. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి సరిపోయేది ఆగకుండా తిరిగే సర్కులర్ బఫర్, దానికి తోడు ఐడిల్ లైన్ ఇంటరప్ట్ (లైన్ ఖాళీ అయిందని వచ్చే కబురు). కాకపోతే ఆ ఐడిల్‌ని నిద్రలేపే గంటగానే వాడాలి, 'సందేశం అయిపోయింది' అనే తీర్పుగా తీసుకోకూడదు. ఇక్కడ ఉదాహరణలు ఎక్కువగా ఎస్టీఎం32 మైక్రోకంట్రోలర్ చిప్‌ల నుంచే ఇస్తున్నాను, మిగతా చిప్‌లలో తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

## ముందు ఇవి తేల్చుకోండి

సందేశం ముగింపు ఎక్కడుంది? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే, చాలామంది అడగకుండా దాటేసేదీ ఇదే. జీపీఎస్ మాడ్యూల్ పంపే ఎన్‌ఎంఈఏ వాక్యాలైతే డాలర్ గుర్తుతో మొదలై కొత్త లైన్‌తో ముగుస్తాయి, అంటే ముగింపు డేటాలోనే ఉంది. కొన్ని బైనరీ ప్రోటోకాల్స్‌లో పొడవు హెడర్‌లో ఉంటుంది. పరిశ్రమల్లో వాడే మాడ్‌బస్ ఆర్‌టీయూ ప్రోటోకాల్‌లో నిశ్శబ్దమే ముగింపు: కనీసం మూడున్నర క్యారెక్టర్ల సేపు లైన్ ఖాళీగా ఉంటే ఫ్రేమ్ (ఒక సందేశం) అయిపోయినట్టు. ఈ మూడింట్లో మీది ఏదో తెలియకుండా పద్ధతి ఎంచుకుంటే తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది.

ఖాళీల మీద హామీ ఉందా? రెండు సందేశాల మధ్య తప్పకుండా ఖాళీ వస్తుందా? ఒకే సందేశం మధ్యలో ఖాళీ రాదని ఎవరైనా మాటిచ్చారా? రెండోదానికి జవాబు దాదాపు ఎప్పుడూ 'లేదు' అనే వస్తుంది.

వేగం ఎంత? స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైట్‌కి 10 బిట్లు లెక్కేస్తే:

| బాడ్ రేటు | ఒక బైట్‌కి పట్టే సమయం | 256 బైట్ల బఫర్ నిండే సమయం |
|---|---|---|
| 9600 | 1.04 మిల్లీసెకన్లు | 267 మిల్లీసెకన్లు |
| 115200 | 86.8 మైక్రోసెకన్లు | 22.2 మిల్లీసెకన్లు |
| 921600 | 10.85 మైక్రోసెకన్లు | 2.8 మిల్లీసెకన్లు |

మూడో నిలువు వరుసే మీకున్న గడువు. మెయిన్ లూప్‌లో ఎక్కడైనా ఫ్లాష్ మెమరీ చెరిపే పని ఉంటే, అది ఎంతసేపు పడుతుందో ఈ అంకెతో పోల్చుకోండి.

చిప్‌లో ఏముంది? ఐడిల్ గుర్తింపు ఎస్టీఎం32 యూసార్ట్‌లన్నిటిలో (సీరియల్ పోర్టులు) ఉంది. క్యారెక్టర్ మ్యాచ్, రిసీవర్ టైమౌట్ (రెండిటి గురించీ కింద చెబుతాను) మాత్రం ఎల్4, ఎఫ్7, హెచ్7 లాంటి కొత్త కుటుంబాల్లో దొరుకుతాయి, ఎఫ్1, ఎఫ్4లో లేవు. కొత్త కుటుంబాల్లో కూడా ఒక్కో పోర్టుకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి రిఫరెన్స్ మాన్యువల్‌లో ఆ పట్టిక చూసుకోవాల్సిందే.

## డీఎంఏ అసలు అవసరమా?

9600 బాడ్‌లో మనిషి టైప్ చేసే కమాండ్లు అందుకోవడానికి డీఎంఏ పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. బైట్‌కో ఇంటరప్ట్, లోపల ఒక రింగ్ బఫర్, అంతే. 115200 అయినా సెకనుకి గరిష్ఠంగా 11,520 ఇంటరప్ట్‌లు. 72 మెగాహెర్ట్జ్ కోర్‌కి అది బరువే కాదు. డీఎంఏ విలువ తెలిసేది రెండు సందర్భాల్లో. ఒకటి, వేగం బాగా పెరిగినప్పుడు. రెండు, వేరే పెద్ద ఇంటరప్ట్ ఏదో 100 మైక్రోసెకన్లకు మించి సీపీయూని పట్టేసి బైట్లు పోగొడుతున్నప్పుడు. మీకు ఈ రెండూ లేకపోతే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

## మొదటి దారి: ముందు హెడర్, తర్వాత మిగతాది

హెడర్ 4 బైట్లయితే డీఎంఏకి 4 అని చెప్పడం, అవి వచ్చాక అందులోని పొడవు చూసి మిగతా వాటికి మళ్ళీ డీఎంఏ పెట్టడం. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. ఒక్క బైట్ తప్పిపోయిన రోజున కథ మారుతుంది. హెడర్ అనుకుని డేటా మధ్యలో 4 బైట్లు చదువుతాం, అందులో పొడవు 48,000 అని కనిపిస్తుంది, డీఎంఏ ఆ 48,000 బైట్ల కోసం నోరు తెరుచుకుని కూర్చుంటుంది. టైమౌట్ పెట్టాలి, సింక్ మళ్ళీ వెతకాలి, పొడవుకి పైహద్దు పెట్టాలి. అన్నీ చేశాక చూస్తే సర్కులర్ బఫర్ కంటే కోడ్ పెద్దదవుతుంది.

ప్రశ్న మనమే అడిగి, జవాబు ఎంతో తెలిసి, అది వచ్చేదాకా ఇంకేమీ రాని చోట మాత్రం దీన్ని వాడొచ్చు. అక్కడ కూడా టైమౌట్ లేకుండా వద్దు.

## రెండో దారి: ఒక్కసారి డీఎంఏ, ఐడిల్ రాగానే మళ్ళీ మొదలు

ఎక్కువ ట్యుటోరియల్స్‌లో కనిపించేది ఇదే. లైన్ ఒక క్యారెక్టర్ సేపు ఖాళీగా ఉంటే ఐడిల్ ఫ్లాగ్ లేస్తుంది. ఎస్టీఎం32తో వచ్చే హాల్ లైబ్రరీలో 'రిసీవ్ టు ఐడిల్ డీఎంఏ' ఫంక్షన్ పిలిస్తే, ఐడిల్ రాగానే ఎన్ని బైట్లు వచ్చాయో చెబుతూ కాల్‌బ్యాక్ (లైబ్రరీ పిలిచే మన ఫంక్షన్) వస్తుంది. సందేశం వాడుకుని, మళ్ళీ అదే ఫంక్షన్ పిలవాలి. లైన్ గంటల తరబడి ఖాళీగా ఉన్నా ఐడిల్ ఒక్కసారే వస్తుంది, మళ్ళీ కొత్త బైట్ ఏదైనా వచ్చేదాకా లేవదు. కాబట్టి ఇంటరప్ట్‌ల వరద భయం లేదు.

ఇక్కడ కొత్తవాళ్ళు పడే మొదటి గుంట హాఫ్ ట్రాన్స్‌ఫర్, అంటే బఫర్ సగం నిండగానే వచ్చే ఇంటరప్ట్. 64 బైట్ల బఫర్ ఇచ్చారు, 40 బైట్ల సందేశం వచ్చింది. కాల్‌బ్యాక్ రెండుసార్లు వస్తుంది: మొదట 32 అని, తర్వాత 40 అని. ఆ 40 మొత్తం లెక్క, కొత్తగా 40 వచ్చాయని కాదు. సగం నిండినప్పుడు వచ్చే ఇంటరప్ట్‌ని కూడా లైబ్రరీ ఇదే కాల్‌బ్యాక్‌కి పంపుతుంది. 31 బైట్ల దాకా బాగానే పనిచేసి, 32 దాటగానే వింతగా ప్రవర్తించే ప్రోగ్రామ్ మీ దగ్గరుంటే ముందు ఇదే అనుమానించండి. ఈ పద్ధతిలో ఆ హాఫ్ ట్రాన్స్‌ఫర్ ఇంటరప్ట్‌తో పని లేదు, డీఎంఏ మొదలుపెట్టిన వెంటనే ఆ ఇంటరప్ట్‌ని ఆపేయండి.

రెండో గుంట ఐడిల్‌కీ మళ్ళీ మొదలుపెట్టడానికీ మధ్య ఉన్న సందు. ఆ సందులో ఒక బైట్ వస్తే రిసీవ్ రిజిస్టర్‌లో ఆగుతుంది, రెండోది పూర్తయ్యేలోపు దాన్ని తీసుకోకపోతే ఓవర్‌రన్, అంటే బైట్ పోయినట్టే. 115200లో అది సుమారు 170 మైక్రోసెకన్లు, ఫర్వాలేదు. 921600లో దాదాపు 22 మైక్రోసెకన్లే. కాల్‌బ్యాక్‌లోనే ప్రింట్ ఎఫ్ పిలిచేవాళ్ళకి మొదటి అంకె కూడా చాలదు.

మూడోది అన్నిటికంటే మోసం చేసేది. నేను ఒకసారి ఐడిల్ వస్తే సందేశం పూర్తి అని నమ్మి రాసిన ఫర్మ్‌వేర్ నా టేబుల్ మీద వారం రోజులు ఒక్క తప్పూ లేకుండా నడిచింది. ఇంకో కంప్యూటర్‌కి, ఇంకో యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్‌కి తగిలించగానే పొడవైన సందేశాల్లో మాత్రం సీఆర్‌సీ (డేటా చెడకుండా వచ్చిందో లేదో చూసే లెక్క) తప్పడం మొదలైంది. లాజిక్ అనలైజర్ పెట్టి చూస్తే 64వ బైట్ తర్వాత చిన్న ఖాళీ కనిపించింది. ఫుల్ స్పీడ్ యూఎస్‌బీ బల్క్ ప్యాకెట్ గరిష్ఠం 64 బైట్లే కదా, తర్వాతి ప్యాకెట్ కాస్త ఆలస్యమైతే లైన్ అంతసేపూ ఖాళీ. ఆ చిన్న విరామానికే ఐడిల్ లేచి, ఒక సందేశం రెండు ముక్కలైంది. పంపేవైపు ఎలాంటి తప్పూ లేదు, బైట్ల మధ్య ఖాళీ ఉండకూడదని యూఆర్ట్ (ఈ సీరియల్ పద్ధతి) ఎక్కడా అనదు.

దీనికి తిరగేసిన కేసూ ఉంది. పంపేవాళ్ళు రెండు సందేశాలు ఖాళీ లేకుండా వెంటవెంటనే పంపితే ఐడిల్ ఒక్కటే వస్తుంది, రెండూ అతుక్కుని వస్తాయి.

## మూడో దారి: సర్కులర్ బఫర్, ఐడిల్ నిద్రలేపే గంట మాత్రమే

ఇందులో డీఎంఏని ఆపేదే లేదు. బఫర్ చివరికి రాగానే మళ్ళీ మొదటికి వెళ్ళి రాస్తూ ఉంటుంది. మనం చేసేదల్లా అది ఎక్కడిదాకా రాసిందో చూసి, క్రితంసారి చదివిన చోటునుంచి అక్కడిదాకా తీసుకోవడం. సగం నిండినప్పుడు, పూర్తిగా నిండినప్పుడు, ఐడిల్ వచ్చినప్పుడు, ఈ మూడు సందర్భాల్లోనూ ఒకే పని.

లెక్క దగ్గరనుంచి చూద్దాం. బఫర్ 64 బైట్లు. క్రితంసారి 58వ స్థానం దాకా చదివాం. ఇప్పుడు ఐడిల్ వచ్చింది, డీఎంఏ లెక్క రిజిస్టర్‌లో 54 ఉంది. ఆ రిజిస్టర్ చెప్పేది మిగిలినవి ఎన్నో, వచ్చినవి ఎన్నో కాదు. కాబట్టి రాసే స్థానం 64 − 54 = 10. పాతది 58, కొత్తది 10, అంటే బఫర్ చుట్టు తిరిగింది. 58 నుంచి 63 దాకా 6 బైట్లు, 0 నుంచి 9 దాకా 10 బైట్లు, మొత్తం 16. రెండు ముక్కలుగా పార్సర్‌కి (బైట్లలోంచి సందేశాలు విడదీసే కోడ్) అందించి, పాత స్థానం 10 అని రాసుకుంటే అయిపోయింది. హాల్ కాల్‌బ్యాక్ వాడితే, బఫర్ నిండినప్పుడు అది 64 అని చెబుతుంది. స్థానంగా దాన్ని 0 అనుకోవాలి. ఈ ఒక్క చోట తప్పితే 64 బైట్లకోసారి చెత్త వస్తుంది.

సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పార్సర్ బైట్ బైట్‌గా చూసి తేలుస్తుంది. కొత్త లైనో, హెడర్‌లో పొడవో, ఏదైతే అది. ఇలా చేస్తే ఖాళీ మధ్యలో వచ్చినా, రెండు సందేశాలు అతుక్కున్నా తేడా పడదు. గంట మోగినప్పుడు సగం సందేశమే దొరికితే పార్సర్ తన స్థితి గుర్తుంచుకుని మళ్ళీ గంట మోగేదాకా ఆగుతుంది. ఒక్కసారి మోగినప్పుడే మూడు దొరికితే మూడూ ఇస్తుంది. పార్సర్ చుట్టూ 'ఉంటే' కాకుండా 'ఉన్నంతసేపూ' అనే లూప్ ఉండాలన్నమాట.

ఇందులోనూ జాగ్రత్తలున్నాయి. ఐడిల్ వచ్చేది యూసార్ట్ ఇంటరప్ట్‌లో, సగం-పూర్తి కబుర్లు వచ్చేవి డీఎంఏ ఇంటరప్ట్‌లో. రెండిటికీ ప్రయారిటీ వేరుగా పెడితే ఒకటి పనిచేస్తుండగా రెండోది దూరి పాత స్థానాన్ని పాడుచేస్తుంది. ఒకే ప్రయారిటీ ఇవ్వండి, లేదా ఇంటరప్ట్‌లో ఫ్లాగ్ మాత్రం ఎత్తి, అసలు చదవడం ఒక టాస్క్‌లోనే చేయండి. ఆర్టీఓఎస్ (రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్ళకి రెండోదే హాయి.

ఇంకోటి, మీరు ఆలస్యమై డీఎంఏ ఒక చుట్టు పూర్తిగా దాటేసి వెళ్ళిపోతే, స్థానం చూస్తే ఏమీ తెలియదు. పోయిన డేటా నిశ్శబ్దంగా పోతుంది. అందుకే సందేశానికి సీఆర్‌సీ ఉండాలి, బఫర్ పొడవు పైన ఇచ్చిన పట్టికలోని గడువుకి తగ్గట్టు ఉండాలి. ర్యామ్ ఉంటే పిసినారితనం వద్దు.

ఇంటరప్ట్‌లే లేకుండా, టైమర్‌తో 5 మిల్లీసెకన్లకోసారి స్థానం చూసుకునే పద్ధతి కూడా ఇదే కుటుంబం. ఆలస్యం ఒప్పుకునే చోట అది భలే ప్రశాంతంగా ఉంటుంది, ఏ చిప్‌లోనైనా పనిచేస్తుంది.

## నాలుగో దారి: క్యారెక్టర్ మ్యాచ్

ముగింపు అక్షరం ఏదో హార్డ్‌వేర్‌కి చెబితే, అది రాగానే ఇంటరప్ట్ వస్తుంది. ఎన్‌ఎంఈఏ, మోడెమ్‌లకిచ్చే ఏటీ కమాండ్ల జవాబులు, లైన్ లైన్‌గా వచ్చే ఏ టెక్స్ట్‌కైనా చక్కగా సరిపోతుంది. ఐడిల్ కోసం ఒక క్యారెక్టర్ సేపు ఆగక్కర్లేదు, మధ్యలో ఖాళీలు వచ్చినా పట్టించుకోదు.

బైనరీ డేటాకి మాత్రం వద్దు, ముగింపు అక్షరం విలువ డేటాలోనూ రావచ్చు. ప్రోటోకాల్ మీ చేతిలోనే ఉంటే కాబ్స్ ఎన్‌కోడింగ్ చూడండి. ప్రతి 254 బైట్లకి గరిష్ఠంగా ఒక బైట్ అదనపు ఖర్చుతో, సున్నా విలువ డేటాలో ఎక్కడా రాకుండా చేస్తుంది. అప్పుడు సున్నానే ముగింపు గుర్తు. పాత స్లిప్ ఎన్‌కోడింగ్‌లో ఎస్కేప్ చేయాల్సిన (ఒక్కోటి రెండుగా రాయాల్సిన) బైట్లు ఎక్కువుంటే సందేశం రెండింతలు కావచ్చు, కాబ్స్‌లో ఆ గొడవ లేదు.

క్యారెక్టర్ మ్యాచ్‌ని కూడా సర్కులర్ బఫర్ మీదే పెట్టండి. దీన్ని గంటగా వాడటమే మేలు. రెండు ముగింపులు దగ్గరదగ్గరగా వస్తే, మన ఇంటరప్ట్ ఆలస్యమైతే ఒక్కసారే మోగుతుంది.

## ఐదో దారి: రిసీవర్ టైమౌట్

ఐడిల్ లాంటిదే, కాకపోతే ఎంతసేపు నిశ్శబ్దం ఉండాలో మనం బిట్లలో చెప్పొచ్చు. మాడ్‌బస్ ఆర్‌టీయూకి ఇది కొలిచి కుట్టినట్టుంటుంది. ఆ ప్రోటోకాల్‌లో ఫ్రేమ్ లోపల ఒకటిన్నర క్యారెక్టర్ల దాకా ఖాళీకి అనుమతి ఉంది. ఒక క్యారెక్టర్‌కే లేచే ఐడిల్‌ని ముగింపుగా నమ్మితే, నియమం ప్రకారం సరైన ఫ్రేమ్‌నే తెంపేస్తాం. క్యారెక్టర్‌కి 11 బిట్లు కాబట్టి మూడున్నర అంటే 38.5, టైమౌట్ 39 బిట్లు పెట్టుకోవాలి. 19200 దాటిన వేగాలకి స్థిరంగా 1.75 మిల్లీసెకన్లు వాడమని మాడ్‌బస్ సిఫారసు. 115200 అయితే అది సుమారు 202 బిట్లు.

ఎఫ్1, ఎఫ్4 వాళ్ళు ఇదే పనిని ఒక టైమర్‌తో చేసుకోవచ్చు. ఐడిల్ రాగానే టైమర్ మొదలుపెట్టి, అది అయ్యేసరికి డీఎంఏ స్థానం కదలకపోతే ఫ్రేమ్ అయినట్టు. ఐడిల్ రావడానికే ఒక క్యారెక్టర్ సేపు గడిచిపోయింది, దాన్ని టైమర్‌లోంచి తీసేయడం మర్చిపోకండి.

## పక్కపక్కన

| పద్ధతి | మధ్యలో ఖాళీ వస్తే | సందేశాలు అతుక్కుంటే | ఎక్కడ వాడొచ్చు |
|---|---|---|---|
| హెడర్, తర్వాత మిగతాది | ఫర్వాలేదు | తిరిగి మొదలుపెట్టే వేగాన్ని బట్టి | అడిగితేనే జవాబిచ్చే పరికరాలు |
| ఒక్కసారి డీఎంఏ + ఐడిల్ | తెగుతుంది | కలిసిపోతాయి | తక్కువ వేగం, పొట్టి సందేశాలు |
| సర్కులర్ + ఐడిల్ + పార్సర్ | ఫర్వాలేదు | ఫర్వాలేదు | దాదాపు అన్నిచోట్లా |
| సర్కులర్ + క్యారెక్టర్ మ్యాచ్ | ఫర్వాలేదు | ఫర్వాలేదు | టెక్స్ట్ లైన్లు, కాబ్స్ |
| రిసీవర్ టైమౌట్ | హద్దు లోపల ఫర్వాలేదు | కలిసిపోతాయి | మాడ్‌బస్ ఆర్‌టీయూ |

## ఎస్టీఎం32 కాకపోతే

నార్డిక్ వాళ్ళ ఎన్‌ఆర్‌ఎఫ్52 చిప్‌లో డీఎంఏ ఎన్ని బైట్లు రాసిందో బదిలీ ముగిసేదాకా చెప్పదు. అందుకని బైట్ వచ్చిన ప్రతిసారీ పుట్టే ఈవెంట్‌ని పీపీఐ (సీపీయూ జోక్యం లేకుండా చిప్‌లోని భాగాల్ని కలిపే సదుపాయం) ద్వారా ఒక టైమర్‌కి కలిపి, దాన్ని కౌంటర్‌గా వాడతారు. ఒక టైమర్ పోతుంది, పని జరుగుతుంది. రాస్‌బెర్రీ పై వాళ్ళ ఆర్‌పీ2040 చిప్‌లో డీఎంఏకి రింగ్ సదుపాయం ఉంది, బఫర్ పొడవు 2 ఘాతాల్లో ఒకటై (64, 128 లాంటివి) ఉండి, అదే హద్దుకి అమర్చి ఉండాలి. అందులోని యూఆర్ట్‌కి 32 బిట్ల సేపు నిశ్శబ్దమైతే వచ్చే టైమౌట్ ఇంటరప్ట్ ఉంది కానీ, ఫిఫోలో (యూఆర్ట్ లోపలి చిన్న బఫర్) డేటా మిగిలి ఉంటేనే అది వస్తుంది. డీఎంఏ ఎప్పటికప్పుడు ఫిఫో ఖాళీ చేస్తుంటే అది మోగదు. అక్కడ నేనైతే టైమర్‌తో స్థానం చూసుకునే పద్ధతికే వెళతాను.

## ఏ దారి పట్టినా కాలికి తగిలే రాళ్ళు

బఫర్ ఎక్కడుందో చూసుకోండి. ఎఫ్407లో సీసీఎం ర్యామ్‌ని (సీపీయూకే నేరుగా కలిపిన మెమరీ) డీఎంఏ అందుకోలేదు. హెచ్7లో డీటీసీఎం ర్యామ్ మామూలు డీఎంఏ1, డీఎంఏ2కి అందదు. లింకర్ మీ బఫర్‌ని అక్కడ పెడితే కోడ్ అంతా సరిగ్గా ఉండి ఒక్క బైట్ కూడా రాదు. ఎఫ్7, హెచ్7లో డేటా క్యాష్ ఆన్ చేస్తే ఇంకో తంటా: డీఎంఏ మెమరీలో కొత్త డేటా రాస్తుంది, సీపీయూ క్యాష్‌లోని పాతది చదువుతుంది. క్యాష్ లైన్ 32 బైట్లు, కాబట్టి బఫర్‌ని 32 హద్దుకి అమర్చి, చదివేముందు ఇన్‌వ్యాలిడేట్ చేయాలి (క్యాష్‌లోని పాత కాపీ చెల్లదని చెప్పాలి). లేదా ఆ ప్రాంతాన్ని ఎంపీయూతో (మెమరీ ప్రొటెక్షన్ యూనిట్) క్యాష్ కాకుండా పెట్టేయాలి. సర్కులర్ బఫర్‌కి ఈ రెండోదే నాకు నచ్చుతుంది, ఒకసారి పెడితే మర్చిపోవచ్చు.

మరొకటి, ఫీల్డ్‌లో 'బోర్డు హ్యాంగ్ అయింది' అనే ఫిర్యాదుల వెనక తరచుగా ఉండేది. డీఎంఏతో అందుకుంటుండగా ఫ్రేమింగ్ ఎర్రర్, నాయిస్, ఓవర్‌రన్ ఏది వచ్చినా హాల్ లైబ్రరీ ఆ డీఎంఏని ఆపేసి ఎర్రర్ కాల్‌బ్యాక్ పిలుస్తుంది. సర్కులర్ మోడ్‌లో ఉన్నా అంతే. ఆ కాల్‌బ్యాక్ ఖాళీగా వదిలేస్తే, ఎవరో కేబుల్ పీకి పెట్టగానే వచ్చిన ఒక్క చెత్త బైట్‌తో రిసెప్షన్ శాశ్వతంగా ఆగిపోతుంది. అక్కడ మళ్ళీ మొదలుపెట్టండి, పాత స్థానాన్ని 0 చేయండి, పార్సర్‌ని రీసెట్ చేయండి.

## ఎంచుకున్నాక ఇలా పరీక్షించండి

బఫర్ 64 అనుకుని ఈ పంపకాలు చేసి చూడండి. సరిగ్గా 32 బైట్ల సందేశం. సరిగ్గా 64. 65. ఖాళీ లేకుండా రెండు సందేశాలు. ఒకే సందేశాన్ని మధ్యలో 2 మిల్లీసెకన్లు ఆపి పంపడం. సందేశం మధ్యలో ఒక బైట్ ఎగరగొట్టి, తర్వాతి సందేశం సరిగ్గా దొరుకుతుందో లేదో చూడటం. చివరగా పంపేవైపు బాడ్ రేటు కావాలని మార్చి, కాసేపు చెత్త పంపి, మళ్ళీ సరైన రేటుకి రావడం. ఇందులో 64, 65 దగ్గర తప్పితే స్థానం లెక్కలో పొరపాటు, చివరిదాని తర్వాత ఏమీ రాకపోతే ఎర్రర్ కాల్‌బ్యాక్ ఖాళీగా ఉంది.